ఉప్పు నీళ్ల ఏడాది

డిసెంబర్ 30, 2023. శనివారం.

పొద్దున్నుంచీ, రైతులకి సాగు సలహాలిచ్చే మా ఆఫీసు వార్షిక నివేదికతోనే సరిపోయింది. శిక్షణలు ఎన్ని, ప్రదర్శన క్షేత్రాలు ఎన్ని, వచ్చినవాళ్లలో మహిళలు ఎందరు, ఎస్సీ ఎస్టీలు ఎందరు. ఒక పట్టికలో వచ్చిన మొత్తం ఇంకో పట్టికలో రాదు. మధ్యాహ్నానికి ఎలాగో లెక్క కుదిరింది. "సమస్యలు" అనే గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఈ ఏడు ఆగస్టులో వాన మొహం చాటేసింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి ఇంత పొడి ఆగస్టు లేదట. మాది డెల్టా కాబట్టి కాలువ ఉంది గానీ, చివరి భూములకి అందేది అంతంతమాత్రం. మురుగుకాల్వల్లో ఇంజన్లు పెట్టి, డీజిల్ పోసి వరిని బతికించుకున్నారు. తీరా చేను పండి, కోతకి ముందు అందులోనే మినుము కూడా చల్లుకున్నాక, డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కావాలన్నప్పుడు లేని నీళ్లు వద్దన్నప్పుడు మోకాళ్ల లోతు వచ్చాయి.

ఆ వారమంతా ఫోన్ చెవికి అతుక్కునే ఉంది. అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, పడిపోయిన చేను కంకి మీదే మొలకెత్తుతోంది, ఏం చెయ్యమంటారు?" నా జవాబూ ఒకటే: ముందు నీళ్లు బయటికి తీయండి, పడిన దుబ్బుల్ని లేపి, పక్కపక్కవి కలిపి జడకట్లు కట్టండి, కంకులు తడిచేలా 5 శాతం ఉప్పు ద్రావణం కొట్టండి. లీటరు నీళ్లకి 50 గ్రాములు. ఎకరాకి 200 లీటర్లంటే 10 కిలోల ఉప్పు. ఉప్పు నీళ్లు పడితే గింజ తేమ పీల్చుకోవడం తగ్గి, మొలక వెనకబడుతుంది. ఇది కొత్త సంగతేం కాదు, తుపాను వచ్చినప్పుడల్లా చెప్పేదే. ఈసారి ఒక రైతు భరోసా కేంద్రం (ఆర్‌బీకే) అసిస్టెంట్ దీన్ని వాయిస్ మెసేజ్ చేసి గ్రూపులో పెట్టాడు. మర్నాడు నేను వెళ్లేసరికి ఆ ఊరి కిరాణా కొట్లో రాళ్లుప్పు అయిపోయింది. చినగంజాం ఉప్పు మడులు దగ్గరే కదా, ఆటోలో వేయించుకొస్తున్నారు.

ఒక గట్టు మీద ఒకావిడ నీలం డ్రమ్ములో ఉప్పు పోసి కర్రతో కలుపుతోంది. కరిగినదాన్ని పాత చీర ముక్కని నాలుగు మడతలు పెట్టి స్ప్రేయర్ మూతికి కట్టి వడపోస్తోంది. "ఇసక పడి నాజిల్ మూసుకుపోతే మా ఆయన తిట్టేది నన్నే కదండీ" అంది, డ్రమ్ములోంచి తల ఎత్తకుండా. వడకట్టమని మేము ఎవరికీ చెప్పలేదు.

ఉప్పుతో అంతా దక్కిందని కాదు. నీళ్లలో మునిగిన అడుగు కంకుల్ని ఏ స్ప్రేయరూ అందుకోలేదు. గింజ రంగు మారింది. గంటలో అయ్యే కోత పడిన చేలో రెండు గంటలు పట్టింది, మిషన్‌కి అద్దె గంటలెక్కన. ఈ ఏడు సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాలుకి 2,183 రూపాయలు, తేమ మాత్రం 17 శాతం దాటకూడదు. ఆ ముసురులో 17 ఎక్కడ దొరుకుతుంది?

అయినా ఒక మాట రాసుకోవాలి. ఏడాది పొడుగునా మేము చెప్పినవాటిలో ఊరంతా పాటించింది ఇదొక్కటే. వరిలో రసం పీల్చే సుడిదోమకి సింథటిక్ పైరిథ్రాయిడ్లనే రకం పురుగుమందులు కొట్టకండి, కొడితే దోమ ఇంకా పెరుగుతుంది అని ప్రతి శిక్షణలోనూ చెప్తాం. గాలి ఆడేలా చేలో రెండు మీటర్లకో కాలిబాట వదలమంటాం. తలలూపుతారు. సాయంత్రానికి పురుగుమందుల షాపాయన ఏ డబ్బా ఇస్తే అదే చేలో పడుతుంది.

నివేదికలో దీనికి ఏటా ఒకే వాక్యం రాస్తాం: "రైతుల్లో అవగాహన లోపం". నాకైతే ఆ మాట చూస్తే ఒళ్లు మండుతుంది. సెప్టెంబర్లో ఒక బాబాయి గారి చేలో నిలబడి, ఇది దోమకి కొట్టే మందు కాదు బాబాయ్ అని డబ్బా చూపించి చెప్పాను. ఆయన నిదానంగా అన్నాడు: "తెలుసమ్మా. నువ్వు చెప్పేది కావాలంటే ఇంకో షాపుకి పోవాలి. అక్కడ నాకు ఖాతా లేదు."

ఆయనకి అవగాహన లేదని ఎలా రాయను? నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా పెట్టుబడి అప్పుగా ఇచ్చేవాడు షాపాయన. మేము ఇచ్చేది మాట ఒక్కటే. ఆ షాపాయన్నీ తప్పుపట్టలేను, ఆయనా పైవాళ్ల దగ్గర సరుకు అప్పుగానే తెచ్చుకుంటాడు. పది కిలోల ఉప్పుకి మాత్రం ఎవరి ఖాతా అక్కర్లేదు.

ఈసారి ఆ గడిలో "సిఫారసు చేసిన మందు రైతుకి అప్పుగా దొరకడం లేదు" అని రాశాను. పెద్ద సార్ చదివి, "ఇది టెక్నికల్ సమస్య కాదు కదమ్మా" అన్నారు. కాదు సార్, కానీ సమస్య ఇదే అన్నాను. కొట్టేయలేదు, అలాగని సరే అనీ అనలేదు. ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది.

ఇంటికి బయల్దేరుతుంటే ఆ బాబాయి గారే ఫోన్ చేశారు. చల్లిన మినుము నీళ్లలో కుళ్లిపోయింది, మళ్లీ చల్లమంటావా అని. ఇప్పుడు చల్లితే పూత పిందె వేళకి ఎండలు ముదురుతాయి, దున్నకుండా జొన్న వేసుకోండి అన్నాను. సరేనమ్మా అని కాసేపు ఆగి, "విత్తనం మా షాపాయన దగ్గరుందేమో కనుక్కుంటా. లేకపోతే మళ్లీ చేస్తా" అన్నారు.