‘ఎందుకిట్టయినాడు?’

మా అక్క చిన్నకొడుకు తనకు ఆడపిల్లల మీద ఎన్నడూ మనసు పోలేదనీ, మగవాళ్ల మీదే పోతుందనీ ఇంట్లో చెప్పి మూడేళ్లు దాటింది. ఆనాటి నుంచి, ఈ సంగతి తెలిసిన బంధువులు ఏడెనిమిది మంది నన్ను విడివిడిగా పక్కకు పిలిచి అడిగింది ఒకటే ప్రశ్న: ‘ఎందుకిట్టయినాడు?’ నేను కావలిలో ముప్పయ్యేళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, పురుగుల నుంచి పాముల వరకు అన్నిటి పుట్టుక తెలిసినవాడికి దీని పుట్టుక కూడా తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. కొంతకాలం ఆ నమ్మకం నాకూ ఉండేది. వాడి అనుమతి తీసుకొని, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి ఇది రాస్తున్నాను.

అక్కావాళ్లది ఉలవపాడు మండలం. వాడు ఆ మాట చెప్పింది 2022 మే నెలలో. అంతకు నెల ముందే ఆ ప్రాంతం ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఇల్లు గడప దాటకుండానే జిల్లా దాటామని బావ వచ్చినవాళ్లందరితో నవ్వుతూ చెబుతుండిన రోజులవి. వరండాలో వరిగడ్డి పరిచి మాగేసిన బంగినపల్లి కాయలను ఆయన ఒక్కొక్కటే తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, పండినవి ఒక పక్కకు, పండనివి మరో పక్కకు పెడుతున్నాడు. వాడు చెప్పడం పూర్తయ్యాక కూడా ఆయన చేతిలోని కాయను కింద పెట్టలేదు. కొడుకు వైపు చూడకుండా నన్నే అడిగాడు: ‘అంటే వీడు చీర కట్టుకుంటాడా, బామ్మర్దీ?’

ఆ ప్రశ్నకు నవ్వే హక్కు నాకు లేదు, ఎందుకంటే మన దగ్గర చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి ఈ రెండింటికీ తేడా తెలియదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో కొత్త దుకాణం తెరిస్తే హిజ్రాలు వచ్చి దీవించి వెళ్లడం మనకు మామూలే. ఆ దీవెన కావాలనుకునే వ్యాపారి, అదే నోటితో దుకాణంలో పనిచేసే కుర్రాణ్ణి ‘తేడాగాడు’ అని పిలుస్తాడు. ఒక మనిషి తనను తాను ఆడో, మగో, మరొకటో అనుకోవడం ఒక విషయం; ఆ మనిషికి ఎవరి మీద మనసు పోతుందన్నది పూర్తిగా వేరే విషయం. మా అల్లుడు తాను మగవాడినన్న సంగతిలో ఎన్నడూ సందేహపడలేదు. పత్రికలు వాడే ‘స్వలింగ సంపర్కుడు’ అన్న మాట ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచింది. సంపర్కం అంటే చేసే పని. ఎవరినీ తాకకుండానే పద్నాలుగో ఏట తరగతిలో పక్క బల్ల మీద కూర్చున్న పిల్లవాణ్ణి చూసి గుండె కొట్టుకున్న కుర్రాడికి ఆ మాట ఎలా సరిపోతుంది? పెళ్లికాని మన పిల్లలెవరినీ ‘భిన్నలింగ సంపర్కులు’ అని మనం పిలవం కదా.

తర్వాతి వారం రోజుల్లో ఇంట్లో కారణాల వేట మొదలైంది. ఇంటర్‌లో హాస్టల్లో వేసినందువల్లనని బావ, బెంగళూరు ఉద్యోగం వల్లనని పెద్ద అల్లుడు, సెల్‌ఫోన్ వల్లనని అందరూ అన్నారు. అక్క మాత్రం ఏమీ అనకుండా పాత పంచాంగం తీయించి, వాడు కడుపులో ఉండగా గ్రహణం ఏ రోజు పట్టిందో, ఆ వేళ తాను కత్తిపీట ముట్టుకున్నదో లేదో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. మొర్రితో పుట్టిన బిడ్డల తల్లులను మన ఊళ్లలో ఎలా నిలదీస్తారో ఆమె చూసే ఉన్నది; ఎవరూ అడగకముందే తనను తాను నిలదీసుకున్నది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక పట్టణంలో మానసిక వైద్యుడి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకొని వాణ్ణీ, బావనూ వెంటబెట్టుకుపోయింది నేనే. నలుగురితో మాట్లాడి బావకు నచ్చజెబుతాడన్నది నా ఆశ. ఆయన పది నిమిషాలు మాట్లాడి, నాలుగు నెలలకు మాత్రలు రాసి, ‘ఈలోగా మంచి సంబంధం చూడండి, పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అన్నాడు. ఆ మాత్రలు వేసుకున్న ఇరవై రోజులూ వాడు మధ్యాహ్నం రెండు గంటలకు అన్నం కంచం ముందు కూర్చొని నిద్రపోయేవాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగాకర్షణను జబ్బుల జాబితాలో నుంచి తీసివేసింది 1973లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసివేసింది 1990 మే 17న. ఇది జబ్బు కాదని మన దేశపు మానసిక వైద్యుల సంఘమే 2018లో ప్రకటించింది. మార్చే పేరుతో చేసే వైద్యాన్ని మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో నిషేధించింది. దాని వెంట జాతీయ వైద్య కమిషన్ 2022లో అటువంటి వైద్యాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఇవన్నీ నేను చదివింది ఆ గది నుంచి బయటికి వచ్చిన తర్వాత. ముందే చదివి ఉంటే వాడికి ఆ ఇరవై రోజులు మిగిలేవి. ఇక ఆయన చెప్పిన పెళ్లి సంగతంటారా, ఆ మందు మోతాదులో అసలు చేదు మింగవలసింది ఎక్కడో కందుకూరులోనో కనిగిరిలోనో ఏమీ తెలియకుండా పెళ్లిచూపులకు కూర్చునే ఒక ఆడపిల్ల. ఆ పిల్ల గురించి ఆ గదిలో డాక్టరు గానీ, బావ గానీ ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తింది వాడే.

కరెంటు పోయిన ఒక సాయంత్రం నేను పాఠం మొదలుపెట్టాను. ‘చెట్టును బట్టే గదా కాయ, మా వంశంలో ఇట్టాంటోడు ఎవడున్నాడు?’ అన్నాడు బావ. బంగినపల్లి టెంక నాటి బంగినపల్లి పండించిన రైతును ఎవరినైనా చూశావా అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. టెంక నుంచి వచ్చే మొక్క తల్లి చెట్టులా కాయదనే కదా నలభై ఏళ్లుగా ఆయన అంటు మొక్కలు కొంటున్నది. గొర్రెల కాపరుల మాటా చెప్పాను: మంద మేపే ఒక పెద్దాయన ఒక పొట్టేలును చూపి ‘ఇది గొర్రెల దగ్గరికి పోదు సార్, పొట్టేళ్ల ఎంటే తిరగతాది’ అని నాతో తేలిగ్గా అన్నాడు, అమెరికాలో పొట్టేళ్ల మీద చేసిన పరిశీలనల్లోనూ నూటికి ఎనిమిది వరకు అటువంటివి తేలాయి. గెలిచానన్న ఉత్సాహంలో పరిశోధనలన్నీ ఏకరువు పెట్టాను.

1991లో బెయిలీ, పిల్లార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కవల సోదరులను పరిశీలించారు. కవలల్లో ఒకడు స్వలింగాకర్షణ గలవాడైతే రెండోవాడూ అలాగే ఉండటం ఏకరూప కవలల్లో నూటికి 52, భిన్నరూప కవలల్లో 22, పెంపుడు సోదరుల్లో 11గా తేలింది. రక్తసంబంధానికి ఏ పాత్రా లేకపోతే ఈ మూడు అంకెల మధ్య ఇంత అంతరం ఉండకూడదు. అంతా జన్యువులే అయితే, ఏకరూప కవలల జన్యువులు ఒకటే కాబట్టి మొదటి అంకె వంద కావాలి. పైగా ఇటువంటి అధ్యయనానికి ముందుకొచ్చేవారిలో ఇద్దరూ ఒకేలా ఉన్న కవలలు ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నందువల్ల, తర్వాతి పెద్ద అధ్యయనాల్లో ఆ 52 తగ్గింది. 1993లో డీన్ హేమర్ బృందం ఎక్స్ క్రోమోజోమ్ చివరి భాగం ఒకదానికి దీనితో సంబంధం ఉండవచ్చని చూపినప్పుడు ‘గే జన్యువు’ దొరికిందని పత్రికలు గోల చేశాయి. 2019లో సుమారు 4,77,000 మంది జన్యువులను వడపోసిన అధ్యయనం అటువంటి ఒక్క జన్యువు లేదనీ, ఒక్కొక్కటి అతి స్వల్పంగా పనిచేసేవి అనేకం ఉన్నాయనీ, అన్నీ కలిపినా ఒక వ్యక్తి ఎవరి పట్ల ఆకర్షితుడవుతాడో ముందుగా చెప్పలేమనీ తేల్చింది. హాస్టలు, సెల్‌ఫోను, తల్లి గారాబం, తండ్రి కోపం వంటివి దీన్ని పుట్టిస్తాయన్నదానికి మాత్రం నిలబడే ఆధారం లేదు.

అంతటితో ఆపి ఉంటే బాగుండేది. వాడు మూడో కొడుకు కావడం వల్ల నాకు రే బ్లాంచర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన గుర్తుకొచ్చింది. తల్లి కడుపున ముందు పుట్టిన ఒక్కొక్క అన్నకు తమ్ముడిలో స్వలింగాకర్షణ అవకాశం సుమారు మూడో వంతు చొప్పున పెరుగుతుందని ఆయన చెప్పాడు. మగబిడ్డ మెదడులోని, వై క్రోమోజోమ్ నుంచి తయారయ్యే ఒక ప్రొటీన్ మీద తల్లి శరీరం ప్రతిరక్షకాలు తయారుచేస్తుందేమోనన్న ఊహకు బలం చేకూర్చే ఫలితాలు 2017లో వచ్చాయి. అక్కకు అర్థం కావాలని ఆర్‌హెచ్ నెగటివ్ ఉపమానం తెచ్చాను: ఆ రక్తమున్న తల్లి శరీరం ఆర్‌హెచ్ పాజిటివ్ బిడ్డ రక్తం మీద ప్రతిరక్షకాలు తయారుచేస్తే, తర్వాతి కాన్పు బిడ్డకు హాని జరగవచ్చు. పెద్ద కోడలిది ఆ రక్తమే. కాన్పు అయిన వెంటనే ఆ పిల్లకు ఇంజెక్షన్ ఎందుకు చేయించారో అక్కకు బాగా తెలుసు. మామిడి టెంక మాటకు తల ఊపని మనిషి దీన్ని ఒక్క క్షణంలో పట్టుకున్నది.

‘అయితే నా రక్తమే వాడి మీద పగబట్టిందిరా,’ అన్నది. కాసేపాగి, ‘ముందు ఆ ఇద్దర్నీ కనకుండా ఉండుంటే వీడు బాగుండేవాడా?’ అని అడిగింది.

అన్నలు లేనివాడికి ఆ అవకాశం నూటికి రెండు అనుకుంటే ఇద్దరు అన్నలున్నవాడికి అది మూడున్నర అవుతుందనీ, అంటే అటువంటి వందమందిలో తొంభై ఆరుగురు మామూలుగానే ఉంటారనీ, అన్నలే లేని స్వలింగ ప్రియులూ, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లూ ఈ లెక్కలోకి రారనీ చీకట్లో చాలాసేపు చెప్పాను. ఆ తర్వాత మూడు నెలల పాటు ఆమె శనివారాలు ఒక్కపొద్దు ఉన్నది. పంచాంగంలో దొరకని తప్పును నేను పరిశోధనా పత్రం నుంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

‘మామూలుగానే’ అన్న మాట ఆమెతో నేనే అన్నానని వాడు తర్వాత నాకు గుర్తుచేశాడు.

పుట్టుకతో వచ్చిందని రుజువైతే జనం జాలిపడతారన్న ఆశ కొత్తది కాదు. బెర్లిన్‌లో మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు 1897లోనే ఒక సంఘం పెట్టి, ఇది పుట్టుకతో వచ్చేదే కాబట్టి శిక్షించరాదని వాదించాడు. 1919లో పరిశోధనాలయం స్థాపించాడు. 1933 మే నెలలో నాజీలు దాన్ని దోచుకొని పుస్తకాలను నడివీధిలో తగలబెట్టారు. పుట్టుకతో వచ్చిందని తెలిస్తే కరుణించేవాడు కరుణిస్తాడు, నరికేవాడు వేళ్లతో సహా నరుకుతాడు. కులం పుట్టుకతో వస్తుందని నమ్మే మన ఊళ్లలో ఆ నమ్మకం ఎవరి మీద ఎంత దయ పుట్టించిందో చూస్తూనే ఉన్నాం.

అందువల్లనే నాకు న్యాయస్థానం నడిచిన దారి నచ్చుతుంది. ఇటువంటి సంబంధాలను నేరంగా చూస్తూ తెల్లవాళ్లు 1860లో శిక్షాస్మృతిలో రాసిన 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలిస్తే, సుప్రీంకోర్టు 2013లో దాన్ని మళ్లీ నిలబెట్టి, చివరికి 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇష్టపూర్వకమైన పెద్దల సంబంధాలను నేరం నుంచి తప్పించారు. ఇది సహజమైనదేనని వారు రాశారు, నిజమే; కాని తీర్పు బరువంతా సమానత్వం, గౌరవం, ఏకాంతం అన్న హక్కుల మీద మోపారు. జన్యువు దొరికిందాకా ఆగుదామని అనలేదు. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం అదే కోర్టు ఇవ్వలేదు. ఇది పడమటి గాలి అని వాదించే మా కావలి మిత్రులకు, మన దగ్గర దీన్ని నేరం చేసిన చట్టమే పడమటి నుంచి వచ్చిందనీ, వాత్స్యాయనుడు కామసూత్రాల్లో ‘తృతీయా ప్రకృతి’ (మూడో స్వభావం) గురించి ప్రకృతి అన్న మాటతోనే రాశాడనీ చెబుతుంటాను. వాళ్లు వింటారు, టీ తాగుతారు, మాట మారుస్తారు.

2023లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే మన దేశంలో నూటికి 53 మంది ఇటువంటి పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇవ్వవచ్చన్నారు, 43 మంది వద్దన్నారు. ఆ లెక్క పంపిస్తే వాడు, ‘ఆ 53 మందీ మన ఊరికి ఎప్పుడు వస్తారో అడుగు మామా’ అని జవాబిచ్చాడు. సర్వేవాళ్లు అడిగేది పక్కింటివాడి పెళ్లి గురించి. ఇంట్లో వచ్చిపడ్డప్పుడు లెక్క వేరు.

బావ ఈ విషయం ఇప్పటికీ నోటితో ఎత్తడు. కాకపోతే ఏటా మేలో బెంగళూరుకు ట్రావెల్స్ బస్సులో పంపే కాయల పెట్టె మీద అడ్రసు తానే రాస్తాడు. మొన్న నేను వెళ్లినప్పుడు అక్క ఫోన్లో వాడితో మాట్లాడుతూ, వాడితో పాటు ఇంట్లో ఉంటున్న అబ్బాయి సంగతి తనంతట తానే ఎత్తింది. ఎందుకు, ఎట్ట అన్న మాటలు రాలేదు. ఏ ఊరు, నాయన ఏం చేస్తాడు, ఎంతమంది పిల్లలు అని పెళ్లిచూపుల్లో అడిగినట్టే వరసగా అడిగింది. చివరకు గొంతు తగ్గించి, వరండాలోని నాకు వినబడదనుకొని, ‘వాళ్లదేం కులం అబ్బయ్యా?’ అన్నది.

స్పీకరు ఆన్‌లో ఉన్న సంగతి ఆమె చూసుకోలేదు. అవతల ఇద్దరు నవ్వడం వినిపించింది.