చెయ్యి లేవక పోయిన రెండు వారాలు

నిన్నటితో నాకు కరెంటు పెట్టడం అయిపోయింది. మా వైపు రేడియేషన్‌ను అలాగే అంటారు. ఎడమ రొమ్ము పూర్తిగా తీసేయకుండా క్యాన్సర్ గడ్డ వరకే తీశారు కాబట్టి అది తప్పదన్నారు.

ఆరోగ్యశ్రీ అప్రూవల్ తేలిగ్గానే వచ్చింది. డాక్టరమ్మ కూడా విడమరిచి చెప్పారు. పాత పద్ధతిలో 25 సిట్టింగులు, ఇప్పుడు ఎక్కువమందికి 15. ఐదింటితో వారంలో ముగించే పద్ధతిని బ్రిటన్‌లో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారట. కర్నూలు ఎండకు భయపడి నేను ఆ ఐదే అడిగాను. చంకలో గ్రంథులకూ పెట్టాలి, నీకు 15 అన్నారు. వయసు యాభై దాటలేదని గడ్డ తీసిన చోట బూస్ట్, అంటే అక్కడికే అదనపు డోసు, ఇంకో 5.

అసలు కథ ప్లానింగ్ సీటీ రోజున, అంటే కరెంటు ఎక్కడ పెట్టాలో చూసుకునే స్కాన్ రోజున. నడుం పైన బట్ట లేకుండా చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టమన్నారు. కుడిది వెళ్లింది. ఎడమది చెవి దాకా కూడా రాలేదు, చంకలో తాడు కట్టి లాగినట్టు. టెక్నీషియన్‌ది నా దగ్గర చదివిన పిల్లల వయసు. "ఎక్సర్‌సైజులు చేయలేదా అమ్మా? ఇట్లయితే మిషన్‌లో ఎట్లా పడతారు?" అంటూ తలుపు బార్లా తీసి ఇంకొకర్ని పిలిచాడు. బయట బెంచీ మీద వాళ్లు తొంగి చూశారు. కప్పుకుందామంటే చీర ఎక్కడ పెట్టారో తెలీదు. ఇరవై రెండేళ్లుగా హోంవర్క్ చేయని పిల్లల్ని నిలబెట్టినదాన్ని, నోరు పెగల్లేదు.

ఆపరేషన్ తర్వాత చెయ్యి బిగుసుకుపోకుండా చేయాల్సిన ఎక్సర్‌సైజుల మాటే ఆపరేషన్ చేసినచోట ఎవరూ ఎత్తలేదు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక్క లైను ఉందట. టీచర్ని, నాకే కనబడలేదు. పత్తికొండ నుంచి వచ్చిన కూలి మనిషికి ఎవరు చదివి పెడతారు?

రెండు వారాలాగి రమ్మన్నారు. గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టుకుని రోజూ వేళ్లను పైకి పాకించాను. పదమూడో రోజున క్యాలెండర్ మేకు అందింది!

తర్వాతి సిట్టింగులు పది పదిహేను నిమిషాల పని. గుండెకు తగలకుండా ఊపిరి బిగబట్టమంటారు, ఒక్కసారి కూడా తప్పలేదు నేను. ఒంటి మీద గీసిన మార్కులు చెమటకు చెరిగితే వాళ్లకే చెప్పండి, మీరు దిద్దుకోవద్దు. చర్మం నల్లబడితే పౌడరూ పసరూ పూయకండి. ముందు విప్పుకునే వదులు కాటన్ చొక్కా, కప్పుకోవడానికి ఒక దుప్పటి వెంట ఉంచుకోండి, అక్కడ ఇస్తారని నమ్మకండి.

సోమవారం ఆపరేషన్ చేసినచోటికి చెకప్‌కి వెళ్తున్నా. ఫిజియోథెరపీ మేడంతో చూపించుకుని, ఎక్సర్‌సైజులు తెలుగులో నేనే రాసి యాభై జిరాక్సులు తీయించాను. వార్డులో మంచం మంచానికీ నేనే పంచుతా.