రెండోసారి రాసిన వ్యాసం: నోవా కోర్‌లో అధికారిగా ఎంపికైన నా అనుభవం

అమెరికాలో యూనిఫారం వేసుకునే సర్వీసులు ఎనిమిది ఉన్నాయని చెబితే మా బంధువుల్లో చాలామంది సైన్యం, నౌకాదళం, వైమానిక దళం అంటూ మూడు నాలుగు దాకా లెక్కపెట్టి ఆగిపోతారు. ఆ ఎనిమిదింటిలో ఆయుధం పట్టనివి రెండు. ఒకటి ప్రజారోగ్య సేవకు చెందిన అధికారుల దళం, రెండోది నేను చేరిన నోవా కోర్, అంటే జాతీయ సముద్ర, వాతావరణ సంస్థకు చెందిన అధికారుల దళం. ఇందులో ఉండేది మూడు వందల పైచిలుకు మంది మాత్రమే. సిపాయి, హవల్దారు వంటి హోదాలేవీ లేవు, అందరూ అధికారులే. ఓడలో మిగతా పనులు చేసేవారు పౌర ఉద్యోగులు. సముద్రపు అడుగును కొలిచే ఓడలను, చేపల లెక్క తీసే ఓడలను, తుఫాను కడుపులోకి దూసుకెళ్ళే విమానాలను నడపడం ఈ అధికారుల పని. ఈ ఒక్క వాక్యాన్ని నేను సరిగ్గా చదువుకోకపోవడం వల్లనే మొదటిసారి ఎంపిక కాలేదన్న సంగతి నాకు ఏడాది తర్వాత గాని అర్థం కాలేదు.

నేను పుట్టింది అవనిగడ్డలో. నాకు పద్నాలుగేళ్ళు వచ్చాక అమ్మ, నేను వర్జీనియా వచ్చాం, నాన్న అంతకు చాలా ముందే వచ్చి ఉన్నారు. సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా మా ప్రొఫెసరు నార్ఫోక్ రేవులో ఆగి ఉన్న థామస్ జెఫర్సన్ అనే ఓడను చూపించడానికి తీసుకెళ్ళారు. 208 అడుగుల పొడవున్న ఆ సర్వే ఓడకు ఆ పేరు ఊరికే రాలేదు. తీరాన్ని కొలిచే సంస్థను 1807లో ప్రారంభించింది అధ్యక్షుడు జెఫర్సనే. అధికారుల దళం మాత్రం 1917 మే 22న ఏర్పడింది. అమెరికా అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. కొలత పరికరాలతో, పటాలతో తీరాల వెంట తిరిగే సర్వేయర్లు శత్రువు చేతికి చిక్కితే గూఢచారులుగా ఉరికంబం ఎక్కే ప్రమాదం ఉంది కాబట్టి, వారికి హోదా, యూనిఫారం ఇచ్చి యుద్ధ నియమాల రక్షణ కల్పించారు. ఈ కథను ఓడ బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గది, మీద నిలబడి మాకు చెప్పిన యువ అధికారిణి వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ ఉంటుందేమో. చెబుతూనే మధ్యలో ఆగి కిటికీలోంచి రేవులోని గాలి దిశను ఒకసారి చూసి, లాగ్ పుస్తకంలో ఏదో రాసి, మళ్ళీ కథలోకి వచ్చింది. ఆ పుస్తకంలో ఏం రాసిందోనన్న కుతూహలంతోనే నేను ఇంటికి చేరాను.

అర్హతల మాట క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికా పౌరసత్వం ఉండాలి. సైన్సు, గణితం లేదా ఇంజనీరింగ్‌లో డిగ్రీ ఉండాలి, అందులో ఆ సంస్థ పనికి సంబంధించిన సబ్జెక్టులు కనీసం 48 సెమిస్టర్ గంటలు, అంటే క్రెడిట్లు, ఉండాలి. 62 ఏళ్ళు నిండేలోగా 20 ఏళ్ళ సర్వీసు పూర్తి చేయగల వయసు ఉండాలి. 48 గంటలు పైకి చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది గాని, భూగోళ శాస్త్ర విభాగంలో నేను చదివిన రెండు పటాల కోర్సులు లెక్కలోకి వస్తాయో రావోనని ట్రాన్‌స్క్రిప్టు ముందు పెట్టుకుని పెన్సిల్‌తో నాలుగుసార్లు కూడి చూసుకున్నాను. వాటిని పక్కన పెట్టినా సరిపోయింది.

అసలు చిక్కు ట్రాన్‌స్క్రిప్టులోని పేరు దగ్గర వచ్చింది. మనవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో అది పూర్తిగా విచ్చుకుని వెనక్కి వెళుతుంది, విశ్వవిద్యాలయం కంప్యూటరు మాత్రం నా సొంత పేరునే ఇంటిపేరుగా నమోదు చేసుకుని నాలుగేళ్ళూ నన్ను అలాగే పిలిచింది. సరిచేయమని అడిగితే రికార్డుల విభాగం వారు ఆరు వారాలు తీసుకుని, సరిచేసిన పత్రాన్ని పాత పేరుతోనే మళ్ళీ పంపారు. చివరికి రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాయించి జత చేశాను. ఈ దారిలో వచ్చే తెలుగు పిల్లలు దరఖాస్తు సంగతి తర్వాత చూసుకున్నా సరే, ముందు అన్ని కాగితాల మీదా పేరు ఒకే తీరులో ఉండేలా చూసుకోవాలని నా గట్టి సలహా.

2021లో మొదటిసారి దరఖాస్తు చేశాను. అందులో ఎందుకు చేరాలనుకుంటున్నారో వివరిస్తూ ఒక వ్యాసం రాయాలి. నేను అమ్మమ్మతో మొదలుపెట్టాను. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీదకు ఉప్పెన వచ్చినప్పుడు ఆమె పెంకుటింటి దూలం పట్టుకుని తెల్లవారేదాకా వేలాడిన కథ మా ఇంట్లో అందరికీ కంఠస్థం. ఉప్పెన అన్న మూడక్షరాల మాటను ఆంగ్లంలో వివరించడానికే నాకు ఒక పేరా పట్టింది. తీరం ముందు సముద్రపు అడుగు లోతు తక్కువగా, ఎంత దూరం మెల్లగా వాలి ఉంటే నీరు అంత ఎత్తున పోగుపడి ఊళ్ళ మీదకు వస్తుంది కాబట్టి, అడుగును కొలవడమంటే ప్రాణాలను కాపాడడమేనని రాశాను. మిగతా సగమంతా ఇసుక కదలికల మీద నేను చేసిన ప్రాజెక్టు, ఓడ ఎక్కితే ఇంకా ఏమేం పరిశోధించాలని ఉందో దాని గురించి. చదివినవారంతా చాలా బాగుందన్నారు, నేనూ అదే అనుకున్నాను.

తర్వాత సర్వీసులోని ఒక అధికారితో ఇంటర్వ్యూ జరిగింది. ఆయన వీడియోలో కనిపించి ముప్పావు గంట సేపు మర్యాదగా మాట్లాడారు. మధ్యలో ఒక ప్రశ్న వేశారు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా బ్రిడ్జి మీద మీ వంతు. గాలి పెరుగుతోంది. ఇంకొక్క చోట పరికరాన్ని నీళ్ళలోకి దించితే తన పని పూర్తవుతుందని శాస్త్రవేత్తల బృంద నాయకుడు అడుగుతున్నారు. ఏం చేస్తారు? ఆ ఒక్క చోటి సమాచారం లేకపోతే మొత్తం గొలుసు ఎలా తెగిపోతుందో, కాబట్టి ఎంత ఇబ్బంది పడైనా దాన్ని సాధించే దారి ఎలా వెతుకుతానో నేను ఉత్సాహంగా ఐదు నిమిషాలు చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నారు. రెండు నెలల తర్వాత అధికారుల ఎంపిక మండలి నుంచి జవాబు వచ్చింది. ఈ బ్యాచ్‌కు ఎంపిక కాలేదని, మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చని రెండే వాక్యాలు. కారణం రాయలేదు.

అలిగి కూర్చుందామంటే చదువు కోసం చేసిన అప్పు తీర్చాల్సి ఉంది గనుక, చెసపీక్ అఖాతంలో రేవు దారుల లోతు కొలిచే ఒక చిన్న కంపెనీలో సర్వే టెక్నీషియన్‌గా చేరాను. ధ్వని తరంగాలతో లోతు కొలిచే మల్టీబీమ్ సోనార్ తెర ముందు కూర్చోవడం నా పనని చెప్పి తీసుకున్నారు గాని, నెల తిరిగేసరికి పడవలో ఇంధనం, లైఫ్ జాకెట్లు, రేడియో, వాతావరణ సూచన సరిచూసే జాబితా నా చేతికి వచ్చింది. నవంబరులో ఒకరోజు ఉదయం పనిలో మూడొంతులు అయిపోయి ఇంకొక్క గంట ఉందనగా ఈశాన్యపు గాలి లేచింది. సోనార్ తెర ముందు కూర్చున్న మనిషిగా చూస్తే ఆ గంట పని బంగారం. జాబితా చేతిలో ఉన్న మనిషిగా చూస్తే పడవలో నలుగురున్నారు, వారిలో ఒకరికి అప్పటికే వాంతులవుతున్నాయి. పడవ నడిపే సారంగుతో వెనక్కి తిప్పుదామన్నాను, ఆయన తిప్పారు. పని అప్పజెప్పినవారు సాయంత్రం ఫోనులో నన్ను కడిగిపారేశారు. ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే ఇంటర్వ్యూలోని ప్రశ్న, దానికి నేను చెప్పిన సమాధానం గుర్తొచ్చి, దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాను.

నోవా ఓడ మీద పరిశోధన శాస్త్రవేత్తలది. వారు వస్తారు, పని చూసుకుని దిగిపోతారు. అధికారి చేయాల్సింది ఆ ఓడను అనుకున్న చోటికి చేర్చి, నిలబెట్టి, అందరినీ క్షేమంగా వెనక్కి తేవడం. పెళ్ళికొడుకు పల్లకిలో ఉంటాడు, బోయీలు మోస్తారు. నేనేమో బోయీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి పెళ్ళికొడుకు గుణగణాలు ఏకరువు పెట్టాను.

2022లో వ్యాసాన్ని మళ్ళీ మొదటి నుంచి రాశాను. అమ్మమ్మ ఒక్క వాక్యానికి తగ్గింది. ఆ నవంబరు ఉదయం, చేతిలోని జాబితా, వెనక్కి తిరిగిన పడవ, ఫోనులో పడ్డ తిట్లు ఎక్కువ చోటు తీసుకున్నాయి. ఈసారి ఇంటర్వ్యూ చేసిన అధికారిణి వేరే మాటల్లో దాదాపు అదే ప్రశ్న వేశారు. సందేహం వచ్చిన క్షణమే కెప్టెన్‌ను లేపుతానని చెప్పాను. ఆయనకు కోపం వస్తేనో అన్నారు. లేపినందుకు పడే కోపం కంటే లేపనందుకు పడే కోపం పెద్దదని మా సారంగు దగ్గర నేర్చుకున్నానన్నాను. ఆమె మొదటిసారి నవ్వారు. మొదటి రెండేళ్ళు ఓడ మీదే గడుస్తాయని, ఏ ఓడో, ఏ రేవో నా ఇష్టాన్ని అడుగుతారు గాని సర్వీసు అవసరమే నిర్ణయిస్తుందని, అది అలాస్కాలోని రేవైనా కావచ్చని చెప్పి, దానికి నేను సిద్ధమేనా అని మూడు రకాలుగా అడిగారు.

ఎంపికైనట్టు కబురు వచ్చింది. అయితే అది వైద్య పరీక్ష, నేపథ్య పరిశీలన పూర్తయ్యాకే ఖాయమవుతుంది. ఓపిక పరీక్ష అంతా ఇక్కడే ఉంది. సైన్యంలో చేరేవారిని పరీక్షించే కేంద్రానికి తెల్లవారకముందే వెళ్ళాను. చెవుల పరీక్షకు చిన్న గదిలో కూర్చోబెట్టారు, రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదివించారు, రక్తం తీశారు, ఆ తర్వాత పదిమంది అమ్మాయిలను వరుసగా గొంతుకు కూర్చోబెట్టి అలాగే బాతుల్లా నడవమన్నారు. బళ్ళో మాస్టారు తీయించిన గుంజీలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

ఆ తర్వాత డాక్టరు పాత రికార్డు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఇక్కడి పిల్లల డాక్టరు ఆస్తమా అని రాశారు. పదమూడో పుట్టినరోజు తర్వాత ఆస్తమా ఉందంటే దారి మూసుకుపోయినట్టే. జరిగిందేమిటంటే, పన్నెండో ఏట అవనిగడ్డలో జలుబు చేసి రెండు వారాలు పిల్లికూతలు వచ్చాయి. మూడేళ్ళ తర్వాత ఇక్కడి డాక్టరు పాత జబ్బులేమిటని అడిగితే అమ్మ తనకు వచ్చిన ఇంగ్లీషులో ఆయాసం గురించి చెప్పింది, ఆయన దానికి తనకు తెలిసిన పేరు పెట్టి రాసుకున్నారు. దాన్ని కాదనిపించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఊపిరితిత్తుల నిపుణుడి దగ్గర గొట్టంలోకి ఊదాను. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే మందును కొద్దికొద్దిగా పీల్చి మళ్ళీ ఊదాను. పదమూడేళ్ళు దాటాక ఇన్‌హేలర్ కొన్న దాఖలా ఏదీ లేదని మందుల దుకాణం నుంచి కాగితం తెచ్చాను. అప్పటికి గాని మినహాయింపు అవసరం కూడా లేదని తేల్చలేదు.

నేపథ్య పరిశీలన పత్రం పూరించడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఉన్న ఇళ్ళు, చేసిన ప్రయాణాలు, తరచూ మాట్లాడే విదేశీ పౌరులు, వారి పుట్టిన తేదీలు అన్నీ రాయాలి. పుట్టిన తేదీ అడగడానికి అమ్మమ్మకు ఫోన్ చేస్తే, కృష్ణా పుష్కరాల ఏడు, సంక్రాంతి వెళ్ళిన నెలకి అంది. ఏ పుష్కరాలో తేల్చడానికి పెదమామయ్యకూ అమ్మకూ వాదన జరిగింది. అదృష్టవశాత్తూ ఆ పత్రంలో తేదీ పక్కన ఉజ్జాయింపు అని గుర్తు పెట్టే గడి ఒకటి ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు సంగతి ఇంకా చిత్రం. నాకు పదిహేడేళ్ళప్పుడు నాన్నకు అమెరికా పౌరసత్వం రావడంతో చట్టప్రకారం నాకూ వచ్చింది, భారత పాస్‌పోర్టు అప్పుడే అప్పగించేశాను. అయినా ఆ కార్డు పేరులోనే భారత పౌరుడన్న మాట ఉండడంతో, విచారణాధికారి రెండు పౌరసత్వాలు ఉన్నాయా అని అడిగారు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదని, ఓటు హక్కు లేని ఈ కార్డు దాదాపు జీవితకాలపు వీసా వంటిదని, పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చిన ధ్రువపత్రం చూపించి వివరించాను. ఆ ధ్రువపత్రాన్ని పారేయకుండా దాచిన నాన్నకు ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఈ పరిశీలనలన్నీ జరుగుతున్న కాలంలోనే ఈత నేర్చుకున్నాను. ఉప్పెన చూసిన ఇంట్లో పిల్లలను కాలవ గట్టుకు కూడా పోనివ్వరు కాబట్టి, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఊరి ఈతకొలనులో ఆరేళ్ళ పిల్లల పక్కన తేలే బల్ల పట్టుకుని కాళ్ళు ఆడించాను. మైలున్నర పరుగు మొదట పదిహేడు నిమిషాలు పట్టేది, వెళ్ళేనాటికి పద్నాలుగుకు దిగింది.

2023లో కనెటికట్ రాష్ట్రం న్యూ లండన్‌లోని కోస్ట్ గార్డ్ అకాడమీలో శిక్షణకు హాజరయ్యాను. అక్కడ సుమారు నాలుగున్నర నెలలు నౌకాయానం, నిప్పు ఆర్పడం, ఎదురయ్యే ఓడకు దారి ఇచ్చే నియమాలు వగైరా నేర్పుతారు. అదంతా వేరే కథ. మొదటి రోజు మధ్యాహ్నం యూనిఫారం కొలతలు తీసుకున్నాక, ఛాతీ మీద కుట్టే పేరు పట్టీ కోసం ఒక పెద్దావిడ కాగితం ముందుకు తోసింది. ఇంటిపేరు మాత్రమే, పెద్ద అక్షరాల్లో రాయమంది. ఆంగ్లంలో పదమూడు అక్షరాలున్న మా ఇంటిపేరును చూసి, పట్టీ మీద వేలితో కొలిచి, ఇదే కదా అసలు పేరు, అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఇదేనన్నాను. అక్షరాలు కాస్త సన్నగా కుట్టి ఇచ్చింది.