తీస్యచ, టౌజెంట్, థౌజండ్: ఒక 'వెయ్యి' వెంట పడ్డ నా అనుభవం

రష్యన్‌లో తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాకా లెక్కపెట్టడం ఒక ఎత్తు, ఆ తర్వాతి మాట ఒక్కటే ఒక ఎత్తు. ఎమ్మే రష్యన్‌లో చేరిన కొత్తలో ఆ మాట నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. వెయ్యిని వాళ్ళు 'తీస్యచ' అంటారు. చూడ్డానికి సంఖ్యే, నడవడిక మాత్రం పక్కా నామవాచకం. స్త్రీలింగం. దానికి విభక్తులన్నీ ఉన్నాయి, ఏకవచన బహువచనాలున్నాయి. రెండు, మూడు, నాలుగు దాని ముందుకొస్తే 'తీస్యచి' అని షష్ఠీ ఏకవచనం. అయిదు నుంచి 'తీస్యచ్' అని షష్ఠీ బహువచనం. ఇంతా చేసి అది తన తర్వాత వచ్చే మాటనూ వదలదు. 'ద్వె తీస్యచి రుబ్లెయ్' అంటే రెండు వేల రూబుళ్ళు అని మనం అనువదించుకుంటాం గానీ, అక్కడున్నది నిజానికి 'రూబుళ్ళ యొక్క రెండు వేలు'.

మన భాషలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుందని నాకు ఆ పాఠం చదువుతున్నప్పుడే తట్టింది. 'రెండు వేల రూపాయలు' అన్నప్పుడు 'వేలు' కాస్తా 'వేల' అయింది, రూపాయలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మన దగ్గర తల వంచేది వెయ్యి. వాళ్ళ దగ్గర తల వంచేది రూబులు. చిన్నప్పటి నుంచి వాడుతున్న మాటను ఎప్పుడూ ఇలా చూసుకోలేదు.

సెమినార్ పేపర్‌కి ఏదైనా ఒక్క మాట తీసుకుని దాని పుట్టుక, వ్యాకరణం రాయమన్నప్పుడు నేను ఇంకో ఆలోచన లేకుండా తీస్యచ తీసుకున్నాను. మేడమ్ ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "జర్మన్‌లో టౌజెంట్ ఉంది, ఇంగ్లీషులో థౌజండ్ ఉంది. మరి మీ తీస్యచ వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నదా, లేక చుట్టమా? అది తేల్చి రా. ఊరికే పోలికలు చూపించి ఊరుకుంటే ఒప్పుకోను" అన్నారు. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు.

మొదట పట్టుకున్నది మాక్స్ ఫాస్మర్ నిఘంటువు. రష్యన్ మాటల పుట్టుక గురించి ఎవరేం రాసినా ఆయన దగ్గర మొదలుపెట్టాల్సిందే. ఫాస్మర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన జర్మన్. 1944 జనవరిలో బెర్లిన్ మీద పడ్డ బాంబుల్లో ఆయన గ్రంథాలయం, నిఘంటువు కోసం కూడబెట్టిన కార్డులు తగలబడిపోయాయి. మళ్ళీ కూర్చుని రాశాడు. 1950 నుంచి 1958 దాకా హైడెల్‌బెర్గ్‌లో జర్మన్‌లో వచ్చింది. తర్వాత ఒలేగ్ త్రుబచోవ్ దాన్ని రష్యన్‌లోకి తెచ్చి, తన చేర్పులు చదరపు బ్రాకెట్లలో పెట్టాడు. నాలుగు సంపుటాలు, 1964 నుంచి 1973 దాకా, ప్రోగ్రెస్ ప్రచురణాలయం, మాస్కో. మన ఇళ్ళల్లో అట్ట ఊడిపోయి కనపడే సోవియట్ తెలుగు పుస్తకాలు వేసింది కూడా ఆ ప్రోగ్రెస్ వాళ్ళే. ఆ పేరు చూడగానే, అట్టహాసంగా కనిపించే ఆ నాలుగు సంపుటాల మీద నాకు భయం సగం తగ్గింది.

మిగతా సగం మాత్రం తెరిచాక పెరిగింది. ఫాస్మర్ వాక్యాలు రాయడు. అన్నీ పొడి అక్షరాలు: లిథువేనియన్‌కి మూడు, గోతిక్‌కి మూడు, ఆపైన ఎవరి వ్యాసం ఏ పేజీయో అంకెలు. ముందు ఆ సంక్షిప్తాల పట్టిక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోకపోతే ఒక్క పేరా కూడా దాటలేం. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే.

రష్యన్‌కి దగ్గరి చుట్టాలైన స్లావిక్ భాషల రూపాలన్నీ ఒకచోట రాసుకున్నాక వ్యవహారం రుచి పట్టింది. పోలిష్‌లో 'తిషొంౘ్', చెక్‌లో 'తిసీౘ్', క్రొయేషియన్‌లో 'తీసుచ', ఈ కుటుంబంలో అన్నిటికన్నా ముందు రాతకెక్కిన పాత చర్చి స్లావిక్‌లో 'తీసోఁష్తి', 'తీసేఁష్తి' అని రెండూ. అనునాసిక అచ్చులకు నేను నోట్సులో అరసున్న వాడుకున్నాను, హాయిగా సరిపోయింది. రష్యన్, క్రొయేషియన్‌లలో చివర వచ్చేది చీమలో చ. పోలిష్, చెక్‌లలో వచ్చేది చాపలో చ. ఈ రెండు చ-లూ వేరని తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు మీదుగా ఈ భాషలు నేర్చుకునేవాళ్ళు ఇక్కడ తడబడతారు, మనకి అది పుట్టుకతో వచ్చిన వరం.

ఈ తేడా కాకతాళీయం కాదు. కొవ్వొత్తిని రష్యన్‌లో 'స్వెచా' అంటారు, పోలిష్‌లో 'ష్వ్యెౘా', పాత చర్చి స్లావిక్‌లో 'స్వేష్త'. అదే వరస: చ, ౘ, ష్త. స్లావిక్ భాషలు విడిపోక ముందు ఈ చోట త, య కలిసిన ధ్వని ఉండేది, విడిపోయాక ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి పద్ధతిలో దాన్ని మార్చుకున్నారు. అంటే వెయ్యి అనే మాట ఈ ఇళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉన్న రోజుల నుంచీ ఉంది.

సరే, అది స్లావిక్ ఇంటి సంగతి. అంతకుముందే జర్మన్ల దగ్గర అరువు తెచ్చుకుని ఉండొచ్చు కదా? మేడమ్ ప్రశ్న అలాగే ఉంది. దాని జవాబు కోసం గోతిక్‌లోకి దిగాల్సి వచ్చింది.

గోతిక్ అంటే జర్మన్, ఇంగ్లీషులున్న జర్మానిక్ కుటుంబంలోని పాత భాష, ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేసిన బైబిల్ అనువాదం ముక్కలు ముక్కలుగా మిగిలింది. అందులో పెద్ద ముక్క ఆరో శతాబ్దపు రాతప్రతి, ఊదారంగు తోలు కాగితాల మీద వెండి సిరాతో రాసింది, స్వీడన్‌లో ఉప్సల విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. పాఠమంతా యాంట్‌వర్ప్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రతి మాటకూ వ్యాకరణం గుర్తించి నెట్‌లో పెట్టారు. నా పద్ధతి ఏమిటంటే, ఒక పక్క తెలుగు బైబిల్, ఇంకో పక్క గోతిక్. వెయ్యి ఎక్కడెక్కడ వస్తుందో మనకి తెలుగులో ముందే తెలుసు కాబట్టి గోతిక్‌లో వెతకడం తేలిక.

లూకా 14:31 దగ్గర ఆగిపోయాను. పదివేలమంది ఉన్న రాజు ఇరవైవేలమందితో వచ్చే రాజును ఎదిరించగలనా అని ముందు కూర్చుని ఆలోచించుకోడా అనే చోటు. గోతిక్‌లో వెయ్యి 'థూసుంది' (ఇంగ్లీషు థింక్‌లో వచ్చే థ). పదివేలతో అన్నది 'మిథ్ తెహున్ థూసుంద్యోమ్': వెయ్యి చతుర్థీ బహువచనంలో ఉంది. ఇరవైవేలతో అన్నది 'మిథ్ త్వైమ్ తిగుమ్ థూసుంద్యో'. ఇక్కడ చతుర్థి రెండుకీ, పదులకీ పోయింది. వెయ్యి షష్ఠిలోకి జారింది. అక్షరాలా 'వేల యొక్క రెండు పదులతో'. ఒకే వాక్యంలో ఒకే మాట రెండు వేషాలు. స్త్రీలింగ నామవాచకం, విభక్తులు, షష్ఠీ బహువచనం, అన్నీ నేను రష్యన్ క్లాసులో ఏడ్చినవే. రష్యన్ ఇరవై 'ద్వాద్సత్' కూడా విప్పితే 'రెండు పదులు' అనే వస్తుంది.

ఇంత పోలిక చూశాక అరువు అన్న అనుమానం తగ్గాలా, పెరగాలా? రెండు రకాలుగానూ వాదించొచ్చు. థ-కారం స్లావులకు లేదు, వింటే త అనే పలికేవాళ్ళు. దీర్ఘ ఊ-కారం అరువు మాటల్లోనూ సొంత మాటల్లోనూ ఒకేలా మారింది. మొదటి రెండు ధ్వనులూ ఏమీ చెప్పవు. నాకు దారి చూపింది మాట చివర ఉన్న హల్లు.

గోతిక్‌లో అది ద: థూసుంది. దాన్ని స్లావులు అరువు తెచ్చుకుంటే ద-యే తెచ్చుకోవాలి. ద, య కలిస్తే స్లావిక్‌లో ఏమవుతుందో చూడ్డానికి మనకి చక్కటి ఉదాహరణ ఉంది, సంస్కృత 'మధ్య'కు చుట్టమైన మాట. పొలాల మధ్య గట్టును రష్యన్‌లో 'మెజా' అంటారు, ఆ జ ఇంగ్లీషు 'విజన్'లో వినపడే ధ్వని. పోలిష్‌లో 'మ్యెడ్జా'. ఆ లెక్కన వెయ్యి చివర రష్యన్‌లో మెజాలో ఉన్న ధ్వని, పోలిష్‌లో మ్యెడ్జాలో ఉన్న ధ్వని రావాలి. రాలేదు. వచ్చింది చ, ౘ. అంటే స్లావిక్ మాటలో మొదటి నుంచీ ఉన్నది త. జర్మానిక్ వైపు ఉన్న ద కూడా పాత త నుంచి వచ్చినదే. ఇద్దరికీ మూలం ఒకటి, మార్పులు ఎవరివి వాళ్ళవి.

ఆ పేజీ రాసిన సాయంత్రం నేను నిజంగా గాల్లో ఉన్నాను.

బాల్టిక్ భాషలు కూడా ఈ చుట్టరికంలోవే. లిథువేనియన్‌లో 'తూక్స్‌తాంతిస్', లాత్వియన్‌లో 'తూక్స్‌తూఒతిస్'. ఫిన్నిష్ 'తుహత్' ఈ ఇళ్ళలో ఒకదాని నుంచి వెళ్ళిన అరువు. కానీ సంస్కృత సహస్రం, లాటిన్ మిల్లె, గ్రీకు ఖీలియొయ్ ఈ వరసలో లేవు. వంద అనే మాట ఇండో-యూరోపియన్ భాషల్లో దాదాపు అందరికీ ఉమ్మడి. వెయ్యి దగ్గరికొచ్చేసరికి ఉత్తరాది యూరప్ వాళ్ళు మాత్రం వేరే మాట కట్టుకున్నారు.

ఏమని కట్టుకున్నారు? దీని మీద పండితులు రెండు వర్గాలు. ఒక వర్గం 'వాచిన వంద' అంటుంది. వాయడం, బలవడం అనే ధాతువు ఒకటి ఉంది. సంస్కృత 'తవస్' (బలం), మనం ఆసుపత్రిలో వినే 'ట్యూమర్' దాని పిల్లలు. దానికి 'వంద' తగిలిస్తే 'బలిసిన వంద'. ఫ్రాంకులనే జర్మానిక్ తెగవాళ్ళ చట్టం లాటిన్‌లో ఉంది, అందులో దొరికే 'థూస్‌ఖుందె', ఇప్పుడు లేని బాల్టిక్ భాష పాత ప్రష్యన్‌లోని 'తూసిమ్తోన్స్' చూస్తే వంద లోపల కూర్చున్నట్టే ఉంది. రెండో వర్గం వంద లేదంటుంది: అదే ధాతువుకు సంస్కృతంలో 'గచ్ఛంతీ'లో కనిపించే ప్రత్యయం లాంటిది చేరి 'ఉబ్బుతున్నది' అయిందని. పాత చర్చి స్లావిక్‌లో ఓఁ, ఏఁ రెండూ ఎందుకున్నాయో ఈ వాదం బాగా చెబుతుంది, ఎందుకంటే ఆ ప్రత్యయంలోని అచ్చు అలా మారుతుంది. చివరి స్త్రీలింగ 'ఈ' కూడా సరిపోతుంది.

వ్యాకరణం రెండో వర్గం వైపే ఉందని ఒప్పుకుంటాను. అయినా నా మొగ్గు బలిసిన వంద మీదే. స్కాండినేవియా వాళ్ళ పాత భాష నార్స్‌లో 'హుండ్రథ్' అంటే నూట ఇరవై, 'థూసుండ్' అంటే పన్నెండు వందలు. అంటే మొదట్లో ఇవి పెద్ద మూటలకు పేర్లు గానీ, సరిగ్గా వందకీ వెయ్యికీ కట్టుబడిన మాటలు కావనిపిస్తుంది. అలాంటి జనం 'పెద్ద వంద' అనుకోవడం నాకు సహజంగా తోస్తుంది. పేపర్‌లో మాత్రం రెండు వాదాలూ పక్కపక్కనే పెట్టి, నా మొగ్గు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాను.

ఆ నామవాచకపు బతుకు ఇప్పుడు ఎక్కడ మిగిలిందో చూడ్డం పేపర్‌లో చివరి భాగం. జర్మన్, ఇంగ్లీషులలో మామూలు లెక్కలో వెయ్యి కదలదు, మెదలదు. 'థౌజండ్స్ ఆఫ్' అన్నప్పుడే పాత అలవాటు బయటపడుతుంది. జర్మన్ టౌజెంట్‌లో ఇంకో తమాషా: ఆ భాష నియమం ప్రకారం పాత థ-కారం ద కావాలి, డచ్‌లో 'డౌజెంట్' అని అయింది కూడా. జర్మన్‌లోనూ పాత రూపం ద-తోనే ఉండి, తర్వాత త ఎక్కి కూర్చుంది. రష్యన్‌లో మాత్రం పోరు ఇంకా నడుస్తోంది. వెయ్యి రూబుళ్ళతో అనడానికి 'స్ తీస్యచెయ్ రుబ్లెయ్' అనొచ్చు, అప్పుడు అది నామవాచకం, రూబుళ్ళు షష్ఠిలో. 'స్ తీస్యచ్యు రుబ్ల్యామి' అనీ అనొచ్చు, అప్పుడు అది సంఖ్య, రూబుళ్ళు దానితో పాటు తృతీయలో. 'మిలియన్'కి రెండో దారి లేదు, 'స్తో' అనే వందకి మొదటి దారి లేదు. సంఖ్య పెరిగేకొద్దీ నామవాచకం గుణం పెరుగుతుందని భాషాశాస్త్రవేత్త గ్రెవిల్ కార్బెట్ 1978లో రాసిన వ్యాసం చదివాక, వెయ్యి సరిగ్గా గడప మీద నిలబడి ఉందని అర్థమైంది.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ సెర్బియన్ సంగతి అడిగారు. క్రొయేషియన్లు తీసుచ అంటుంటే పక్కనే సెర్బులు 'హిల్యద' అంటారు, బల్గేరియన్లు 'హిల్యాద'. గ్రీకు నుంచి తెచ్చుకున్నది. చర్చి, వ్యాపారం రెండూ గ్రీకు వైపు తిరిగి ఉన్న చోట్ల సొంత వెయ్యి పోయిందని చెప్పాను. "మరి మీ దక్షిణాదిలో?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది, పుణ్యం మా హాస్టల్ గదిలోని కోయంబత్తూరు అమ్మాయిది. తమిళ, మలయాళ 'ఆయిరం', కన్నడ 'సావిర' ప్రాకృతం మీదుగా వచ్చిన సహస్రమే. తెలుగు 'వేయి' మాత్రం సొంత మాట, ద్రావిడ భాషల మీద 2003లో వచ్చిన పుస్తకంలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ మాటే చెప్పారు. సార్ తల ఊపి, మరి 'వేల రూపాయలు'లో ఆ 'వేల' ఏ విభక్తి అని అడిగారు. షష్ఠి అర్థంలో వాడే అంగరూపం, అంటే విభక్తి చేరే ముందు నామం తీసుకునే రూపం అన్నాను. మేడమ్ నవ్వి, అది వచ్చే సెమిస్టర్ పేపర్ అన్నారు. ఇప్పుడు దాని మీదే కూర్చున్నాను.