అహోబిలంలో మూగనోము

ప్రొద్దుటూరులో బట్టల అంగడి పెట్టుకున్నోడు మౌనవ్రతం చేస్తానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. పొద్దున షట్టర్ ఎత్తినప్పట్నుంచి రాత్రి దించేదాకా మాటే మాకు పెట్టుబడి, "రంగు పోదక్కా, పోతే తెచ్చి నా మొహాన కొట్టు" అని రోజుకు ఎన్నిసార్లు అంటానో నాకే లెక్క తెలీదు. అట్లాంటోడిని అహోబిలంలో ఒక పగలంతా నోరు తెరవకుండా ఉంటానని అనుకున్నా. కోరిక కోసం మొక్కిన మొక్కేం కాదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం చదువుతా ఉంటే ఒక విషయం తగులుకుంది. కృష్ణుడు అక్కడ తపస్సును శరీరంతో చేసేది, వాక్కుతో చేసేది, మనసుతో చేసేది అని మూడుగా చెప్తాడు కదా, మౌనం వాక్కు లెక్కలోకి వస్తాదని ఎవరమైనా అనుకుంటాం, కానీ రాదు. ఎదుటోళ్లను నొప్పించకుండా, నిజంగా, ప్రియంగా, మేలు చేసేట్టు మాట్లాడ్డం వాక్కు తపస్సంట, మౌనాన్ని మాత్రం తర్వాతి శ్లోకంలో, 16వ దాంట్లో, మనసు తపస్సు కింద పెట్టినాడు. అంటే నోటికి తాళం వేస్తే సరిపోదు, పని అంతా లోపలే ఉందన్నమాట.

ఇంగ అహోబిలమే ఎందుకంటే మా ఇలవేల్పు నరసింహుడు. పైగా స్తంభం చీల్చుకుని గర్జిస్తా వచ్చిన దేవుడి దగ్గరికి నోరెత్తకుండా పోవడమనేది ఎందుకో నాకు భలే నచ్చింది. 2022లో అహోబిలం నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోట్లో ఇప్పటికీ కర్నూలు జిల్లానే.

మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ మీదుగా సాయంత్రానికి దిగువ అహోబిలం చేరి సత్రంలో దిగినాం, నేను, నా భార్య, బామ్మర్ది, పెద్దమ్మ. స్వాతి నక్షత్రం రోజు, శనివారం కావాలనే తప్పించినాం, ఆ రోజుల్లో జనం ఎక్కువ. పడుకునే ముందే అందరికీ చెప్పేసినా, పొద్దున లేచినప్పట్నుంచి పొద్దు గూకేదాకా మాట లేదు, కాగితం మీద రాయడం లేదు, చేత్తో సైగలు లేవు, ఫోన్ ముట్టను. కాష్ఠమౌనం అంటారే, అది. పామో పడిపోవడమో అయితే మాత్రం అరుస్తానని కూడా చెప్పినా, నల్లమల అడవి అది, వ్రతం పేరుతో పక్కనోళ్లను ప్రమాదంలో పెట్టకూడదు.

పొద్దున కాఫీ దగ్గరే పెద్దమ్మ మొదలుపెట్టింది. "ఏం నాయనా, నిజంగానే మూగనోము పట్టినావా? నా కాఫీలో చక్కెర వద్దని చెప్పేదెవురు ఇప్పుడు?" నా భార్య పోయి చెప్పింది. జీపు బేరం బామ్మర్ది మీద పడింది, వాడు మెత్తనోడు, అడిగినంతకు తలూపినాడు. నేను పక్కన బుద్ధిగా నిలబడ్డా కానీ లోపల నాలుగు రకాలుగా బేరం చేసి, కోపం తెచ్చుకుని, వెనక్కి తిరిగి నడిచిపోయి, మళ్లీ పిలిపించుకుని, డబ్బులు తగ్గించి జీపెక్కినా. ఇవన్నీ ఒక్క నిమిషంలో. ఒకరు మౌనం పడితే ఆ మాటలు ఇంకెవరో మాట్లాడాల్సిందే, ఈ సంగతి మౌనం గొప్పదనం చెప్పేవాళ్లు ఎందుకో చెప్పరు.

ఎగువ అహోబిలంలో గుహలో ఉన్న స్వయంభువు స్వామిని చూసుకుని, పెద్దమ్మను నా భార్య దగ్గర గుడి కాడే కూర్చోబెట్టి, కర్రలు తీసుకుని మేమిద్దరం భవనాశి ఏటి వెంబడి నడక పట్టినాం. రాళ్లు, మెట్లు, కోతులు. వరాహ నరసింహుడు, ఆ తర్వాత మాలోలుడు. మాలోలుడు శాంతమూర్తి, లక్ష్మీదేవితో ఉంటాడు, అహోబిల మఠం జీయరు స్వాములు ఊరూరా వెంట తీసుకుపోయి పూజించే ఉత్సవ విగ్రహం ఈ మాలోలుడిదే. అక్కడిదాకా నాకు మౌనం ఏమాత్రం కుదరలా. దారిలో కనపడిన ప్రతివాళ్లకూ మా బామ్మర్ది "మా బావ మౌనంలో ఉండాడు" అని చెప్పేది, వాళ్లు నాకు దండం పెట్టేది. సిగ్గేసింది. నిజం చెప్పాలంటే కొంచెం బాగా కూడా ఉండింది.

అంతకంటే పెద్ద దొంగ ఇంకోడు దొరికినాడు. ఏం చూసినా, ఆ కొండ ఎర్రగా ఉండేది, ఏట్లో నీళ్లు రాళ్ల సందుల్లో దూరిపోయేది, వెంటనే దాన్ని ఎవరికో ఒకరికి చెప్తా ఉన్నా లోపల. అంగడిలో కుర్రాళ్లకు ఒక రకంగా, మా చెల్లెలికి ఇంకో రకంగా. చూసేది తక్కువ, చెప్పేదే ఎక్కువ. బయట నోరు ఆడుతా ఉంటే ఈ లోపలోడి గొంతు వినపడదు కాబట్టి ఇన్నేళ్లూ వీడున్నట్టే నాకు తెలీదు.

జ్వాలా నరసింహుడి గుడికి పోయే మెట్ల దగ్గర ఒకచోట కొండ మీంచి నీళ్లు దారి మీదే పడతా ఉంటాయి, తడవకుండా పోలేం. వానలు పోయిన కొత్త కాబట్టి నీళ్లు బాగా ఉన్నాయి. కింద లోయ, పక్కన రాయి, మెట్లు జారుడు. అక్కడ కాలు ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటా చూసుకుంటా పోతుంటే లోపలోడు ఎప్పుడు ఆగిపోయినాడో తెలీదు. మోకాలు నొప్పి ఉంది, "అబ్బా మోకాలు" అనేది లేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి, అంతే. వెలుగు కనపడింది, దేవుడు పలికినాడు లాంటివేం జరగలా, జరిగిందని చెప్పేవాళ్లను తప్పుపట్టను గానీ నాకైతే లేదు. ఎనిమిది చేతులతో హిరణ్యకశిపుడిని చీలుస్తా ఉన్న స్వామి ముందర నిలబడినప్పుడు అడగడానికి ఒక్కటీ గుర్తు రాలేదు. అడగకుండా గుడి నుంచి బయటికి రావడం నాకు కొత్త.

ఉక్కుస్తంభం అనే కొండకొమ్మును కింద నుంచే చూసినాం, అది ఎక్కే వయసు దాటిపోయింది. స్తంభం పగిలింది అక్కడే అంటారు. ఆ ఉగ్రం చూసి దేవతలు కూడా దగ్గరికి పోలేకపోయినారంట, భయం లేకుండా దగ్గరికి పోయినోడు పసివాడు ప్రహ్లాదుడు ఒక్కడే. మళ్లీ అదే స్వామి ఆ పిల్లోడికి యోగం నేర్పిన చోటు దిగువ అహోబిలం దగ్గర ఉంది, యోగానంద నరసింహుడు. మధ్యాన్నం అక్కడ ఒక మూల కూర్చుంటే లోపలోడు మళ్లీ వచ్చేసినాడు, పండగ ముందర మా అంగడి ఎట్లుంటాదో అట్ల, కాకపోతే ఈసారి వాడు వచ్చేది కనపడింది. తరమలా, బదులూ ఇవ్వలా. వచ్చేది చూడ్డం, పోయేది చూడ్డం.

ఛత్రవట నరసింహ స్వామి గుడి దగ్గర మాత్రం నాకు నా వ్రతం మీదే విసుగొచ్చింది. హాహా, హూహూ అనే గంధర్వులు పాడితే మెచ్చిన స్వామి ఆయన. పోయేసరికి ఆడవాళ్లు కొందరు చప్పట్లు కొడతా భజన చేస్తా ఉన్నారు, మా బామ్మర్ది గొంతు కలిపేసినాడు, నేను మాత్రం బిగదీసుకుని నిలబడ్డా. పాట వినడానికి కూర్చున్న దేవుడి ముందు మూగగా ఉండటం మర్యాద కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఎవరైనా ఇట్లా చేయాలనుకుంటే ఆ ఒక్క గుడిని ఇంకో రోజుకు పెట్టుకోండి.

పొద్దు గూకినాక దిగువ అహోబిలం గుళ్లో ప్రహ్లాదవరదుడి దర్శనం చేసుకున్నాం. మొదట వచ్చే మాట గోవింద నామమే కావాలని పొద్దున్నుంచి అనుకుంటా ఉన్నా. బయటికొచ్చి ప్రసాదం తింటా ఉంటే పెద్దమ్మ "పులిహోరలో ఉప్పు సరిపోయిందా నాయనా?" అనింది.

"చాల్లేదు పెద్దమ్మా" అన్నా.

"ఈ ముక్క చెప్పేదానికా అబ్బయ్యా, పొద్దున్నుంచి నోరు కట్టుకుని కొండలెక్కింది?" అని ఆమె నవ్వుతానే ఉంది, సత్రం దాకా.