నెట్ లైఫ్ సైన్సెస్: డీఎన్‌ఏ రిపేర్ నేను చదివిన పద్ధతి

సీఎస్‌ఐఆర్ నెట్‌కి చదివేవాళ్లలో చాలామంది యూనిట్ 3లో డీఎన్‌ఏ రిపేర్ రాగానే పేజీ తిప్పేస్తారు. ఎక్స్‌పీఏ నుంచి ఎక్స్‌పీజీ దాకా ఏడు ప్రోటీన్ల పేర్లు, వాటికి తోడు సీఎస్‌ఏ, సీఎస్‌బీ. టెన్షన్ సహజమే. బట్టీ పడితే పార్ట్ బీ గట్టెక్కొచ్చేమో గానీ పార్ట్ సీ కష్టం. ఫలానా ప్రోటీన్ లేకపోతే పని ఎక్కడ ఆగుతుందన్నది అక్కడ తేల్చుకోవాలి. అందుకే ప్రతి పేరు పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఇది దేన్ని గుర్తుపడుతుంది?

దెబ్బతిన్న చోట పోగు ముక్కని కోసి తీసేసి మళ్లీ నింపే న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ రిపేర్‌నే తీసుకోండి. ఎక్స్‌పీసీ దెబ్బతిన్న బేస్‌ని నేరుగా పట్టుకోదు. అక్కడ జత కుదరక ఎదుటి పోగులో బేసులు వదులవుతాయి, వాటిని పట్టుకుంటుంది. ఒంట్లో బాగోలేనివాణ్ణి వదిలేసి, పక్కనున్నవాళ్ల కంగారు చూసి జబ్బు పసిగట్టినట్టు. ఎండ దెబ్బైనా, సిగరెట్ పొగలోని రసాయనం అతుక్కున్నా ఈ ఒక్క ప్రోటీనే కనిపెట్టగలిగేది అందుకే. చిక్కల్లా ఎండకి పక్కపక్క థైమిన్ బేసులు రెండు అతుక్కుపోయే థైమిన్ డైమర్‌తో. అది హెలిక్స్‌ని పెద్దగా వంచదు కాబట్టి ముందు డీడీబీ2 వెళ్లి చోటు చూపించాలి. ఎక్స్‌పీఈ అంటే ఇదే.

తర్వాత వచ్చే ప్రోటీన్ల గుంపు టీఎఫ్‌టూహెచ్ మనకి ట్రాన్స్‌క్రిప్షన్‌లో (జీన్‌ని ఆర్‌ఎన్‌ఏగా చదివే పనిలో) పరిచయమే. అందులోని ఎక్స్‌పీడీ పోగు వెంట కదులుతూ దెబ్బ దగ్గర ఆగిపోతుంది. నిజంగా డ్యామేజ్ ఉందని రూఢి అయ్యేది ఇక్కడ. ఎక్స్‌పీఎఫ్-ఈఆర్‌సీసీ1 5′ వైపు, ఎక్స్‌పీజీ 3′ వైపు కోస్తాయి. ఊడివచ్చే ముక్క మనిషిలో 24-32 న్యూక్లియోటైడ్లు, ఈ.కొలైలో 12-13. ఈ అంకెలు మాత్రం బట్టీ పట్టాల్సిందే.

చదవబడుతున్న జీన్‌లో అయితే దెబ్బ తగిలి ఆగిపోయే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 యే సంకేతం. అక్కడికి సీఎస్‌బీ, సీఎస్‌ఏ వస్తాయి, ఎక్స్‌పీసీతో పని లేదు. ఈ రెండింట్లో ఒకటి లోపిస్తే వచ్చే కొకేన్ (Cockayne) సిండ్రోమ్‌లో ఎదుగుదల, నరాలు దెబ్బతిన్నా చర్మ క్యాన్సర్ ముప్పు పెరగకపోవడానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది: మిగతా జీనోమ్‌లో రిపేర్ సాగుతూనే ఉంటుంది. ఎక్స్‌పీవీతో జాగ్రత్త. పేరు అదే వరసైనా అది రిపేర్ ప్రోటీన్ కాదు, డైమర్‌ని దాటుకుంటూ కాపీ చేసే పాలిమరేజ్ ఈటా.

మిగతా దారులకీ ఇదే ప్రశ్న వేయండి. ఎంఎస్‌హెచ్2-ఎంఎస్‌హెచ్6 తప్పు జతని, కేయూ70-కేయూ80 తెగిన కొసని, పీఏఆర్‌పీ1 ఒంటిపోగు కోతని పట్టుకుంటాయి. ముందు ఈ మూడూ చూడకుండా రాయగలిగితే, ఆ తర్వాత తెగిన డీఎన్‌ఏని దాని జత కాపీ చూసి అతికించే హోమోలాగస్ రికాంబినేషన్ మొదలుపెట్టండి.