శాంటా కాటలినా దీవిలో ఒక రోజు

మెక్సికోలో, కాలిఫోర్నియా సింధుశాఖలో ఉంది ఈ ఎడారి దీవి. రేవు లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే రబ్బరు పడవలో ఒడ్డుకు చేరాలి. గాలి లేవకముందే, పొద్దున్నే దిగడం మేలు.

పడవ ఎక్కేటప్పుడు చేతిలో ఏమీ ఉండకూడదు. సిబ్బంది మణికట్టు మనం, మన మణికట్టు వాళ్లు పట్టుకోవాలి. అరచేతులు కలిపితే తడికి జారిపోతాయి. ఒడ్డు చేరాక పడవ అంచుమీద కూర్చుని, కాళ్లు పడవ వెనకవైపుగా బయటికి తిప్పి, అల వెనక్కి పోయాకే దిగాలి. తొందరపడితే మోకాళ్ల దాకా కాదు, నడుం దాకా తడుస్తారు. నీళ్లలో పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో దాక్కున్న ముల్లుతోక టేకి చేప ఆ కదలికకు తప్పుకుంటుంది, తొక్కితే పొడుస్తుంది.

ఇక దీవి! పీపాలా లావుగా, మనిషిని మించి ఎత్తు పెరిగే బ్రహ్మజెముడు ఇక్కడ కొండవాలు నిండా ఉంటుంది. దాని పొడవునా నిలువు మడతలుంటాయి. వాన పడితే అవి విచ్చుకుని నీళ్లు దాచుకుంటాయి, ఎండాకాలం మళ్లీ ముడుచుకుంటాయి. దగ్గరికెళ్లి చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో! గిలక్కాయ లేని గిలక పాము కూడా ఈ దీవిదే. తోక చప్పుడు చేసి హెచ్చరించదు కాబట్టి పొదల్లోనూ రాళ్ల సందుల్లోనూ చేయి పెట్టకండి.

చోయా అనే ముళ్ల జెముడు మొక్క ముల్లు గుచ్చుకుంటే వేళ్లతో లాగొద్దు, వేళ్లకే అంటుకుంటుంది. దువ్వెన పళ్లు కిందికి దూర్చి ఎగదోయాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. నీడ దొరకదు.